ఆదోని, ఎమ్మిగనూరు: ఏ పేటలో ఎవరున్నారు, ఏ బూత్‌లో ఎవరికి పడ్డాయి.. కులాల లెక్క ఎంతవరకు నిజం?

ఎన్నికలు దగ్గర పడితే చాలు, కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాట ఒకటే. బోయలు ఎటు? కురువలు ఎటు? చేనేత ఓట్లు ఎవరికి? ముస్లింలు ఈసారి ఏం చేస్తారు? పార్టీల వార్ రూముల్లో కూడా ఇదే చర్చ. అక్కడ కాగితం మీద శాతాలు ఉంటాయి, అంతే తేడా.

ఈ లెక్కలు వేసేవాళ్లను 2024లో ఆదోని గట్టిగానే తికమక పెట్టింది. ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్న పట్టణం. జిల్లాలో బీజేపీకి అంతకుముందు పెద్ద బలం లేదు. పొత్తులో ఆ పార్టీకి సీటు ఇవ్వగానే ‘ఇక ఆదోని వదిలేసినట్టే’ అన్నవాళ్లు కూటమిలోనే ఉన్నారు. తీరా జూన్ 4న పెట్టెలు తెరిస్తే బీజేపీ అభ్యర్థి డాక్టర్ పి.వి. పార్థసారథి 18 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఓడింది కొత్త ముఖం కాదు. అంతకుముందు వరుసగా రెండుసార్లు గెలిచిన వైఎస్సార్‌సీపీ నేత వై. సాయిప్రసాద్ రెడ్డి.

మరి లెక్క ఎక్కడ తప్పింది? అసలు ఒక వార్డులో ఎవరెవరు ఉన్నారో, వాళ్లు ఎవరికి ఓటేశారో తెలుసుకునే దారి ఉందా? ఉంటే ఆ దారిలో ఎంతదూరం వెళ్లగలం? ఆదోని, ఎమ్మిగనూరు నియోజకవర్గాలను ముందు పెట్టుకుని చూద్దాం.

రెండు ఊళ్లు, రెండు రకాల జనం

నియోజకవర్గాల పునర్విభజన తర్వాత ఆదోని సీటులో ఉన్నది ఒక్క ఆదోని మండలమే. అంటే పట్టణం, దాని చుట్టూ ఉన్న పల్లెలు. ఎమ్మిగనూరు సీటులో ఎమ్మిగనూరు, నందవరం, గోనెగండ్ల మండలాలు మూడూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని పట్టణ జనాభా లక్షా 60 వేలు దాటింది. ఎమ్మిగనూరు పట్టణంలో 95 వేలకు పైగా ఉన్నారు. కాబట్టి ఆదోనిలో పట్టణం ఎటు మొగ్గితే సీటు అటు. ఎమ్మిగనూరులో అలా కుదరదు. పట్టణంలో వచ్చిన ఆధిక్యాన్ని నందవరం, గోనెగండ్ల పల్లెలు మింగేయగలవు.

ఆదోని జనం ఎందుకింత కలగలుపుగా ఉంటారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కొండ మీది కోట విజయనగర రాజుల చేతుల్లోంచి బీజాపూర్ సుల్తానులకు, తర్వాత మొఘలులకు, ఆపైన నిజాం కుటుంబానికి వెళ్లింది. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్లకు దక్కింది. పట్టణం నడిబొడ్డున ఉన్న షాహీ జామియా మసీదు 17వ శతాబ్దంలో బీజాపూర్ తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించింది. అప్పటినుంచీ ఇక్కడ దక్కనీ ఉర్దూ ఇంటి భాష. ఇక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. అందుకే పేటల పేర్లలో బోయగేరి లాంటివి కనిపిస్తాయి. ‘గేరి’ అంటే కన్నడ ‘కేరి’, వీధి అని. పేరులోనే కులం ఉంది, భాష కూడా ఉంది.

తర్వాత పత్తి వచ్చింది. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, మార్కెట్ యార్డు పెరిగాయి. ఊరికి ‘రెండో ముంబయి’ అని పేరు పడింది. వ్యాపారంతో పాటు మార్వాడీలు, జైనులు వచ్చి స్థిరపడ్డారు. 1980వ దశకంలో ఈ పట్టణం ప్రకాశ్ జైన్‌ను తెలుగుదేశం ఎమ్మెల్యేగా అసెంబ్లీకి పంపింది. ఊరి మొత్తం ఓట్లలో జైనులు ఎంతమంది? చాలా తక్కువ. కులం తలలు లెక్కపెట్టి సీటు ఎవరిదో చెప్పేవాళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఎమ్మిగనూరు కథ వేరు. అది మగ్గం ఊరు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరి రూపాన్నే మార్చేసింది. ఇప్పటికీ సోమప్ప సర్కిల్ అంటే తెలియనివాళ్లు ఉండరు. కుర్ని, పద్మశాలి వంటి నేత కులాలు పట్టణంలో ఉంటే, చుట్టుపక్కల పల్లెల్లో బోయలు, కురువలు, మాదిగలు, మాలలు, రెడ్లు, లింగాయతులు, దూదేకుల కుటుంబాలు ఉన్నాయి.

సరే, ఎవరెవరున్నారో తెలిసింది. ‘ఎంతమంది ఉన్నారు’ అన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ శాతాలు ఎక్కడి నుంచి వస్తాయి?

‘ఆదోనిలో బోయలు ఇన్ని వేలు, ముస్లింలు ఇన్ని వేలు, లింగాయతులు ఇన్ని వేలు’ అని ప్రతి ఎన్నికల్లోనూ ఒక పట్టిక వాట్సాప్‌లో తిరుగుతుంది. టీవీల్లో కూడా వస్తుంది. చూడ్డానికి చాలా పక్కాగా ఉంటుంది. కానీ దాని కింద ఎక్కడి నుంచి తెచ్చారో రాసి ఉండదు. రాయడానికి ఏమీ లేదు గనుక!

దేశంలో అన్ని కులాలనూ లెక్కపెట్టి ప్రచురించిన చివరి జనగణన 1931 నాటిది. అప్పటికి ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లాలో ఉంది. స్వాతంత్య్రం వచ్చాక జనగణనలో లెక్కపెడుతున్నది ఎస్సీలను, ఎస్టీలను మాత్రమే. 2011లో జరిగిన సామాజిక ఆర్థిక, కుల సర్వేలో కులం అడిగారు గానీ, ఆ కులాల వివరాలు బయటపెట్టలేదు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం సచివాలయ సిబ్బందితో ఇంటింటికీ తిరిగి కులగణన మొదలుపెట్టింది. ఆ ఫలితాలు కూడా జనం ముందుకు రాలేదు.

మరి చేతిలో ఉన్నదేంటి? ఉమ్మడి కర్నూలు జిల్లాకు సంబంధించి 2011 లెక్కలు ఇవీ.. ఎస్సీలు దాదాపు 18 శాతం, ఎస్టీలు 2 శాతం, ముస్లింలు 16 శాతానికి పైగా. ఆదోని పట్టణంలో ముస్లింల వాటా ఈ జిల్లా సగటు కంటే బాగా ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ లెక్క వార్డు స్థాయి వరకు దొరుకుతుంది. మతం లెక్క పట్టణం స్థాయిలో ఆగిపోతుంది. బీసీల్లో ఏ కులం ఎంతో ఎక్కడా లేదు. మున్సిపల్ ఎన్నికల ముందు వార్డుల రిజర్వేషన్ కోసం బీసీ ఓటర్ల గణన చేస్తారు. అందులో బీసీలు మొత్తం ఎంతమందో తెలుస్తుంది. బోయ ఎంత, కురువ ఎంత, కుర్ని ఎంత అన్నది తెలియదు. ఈ రెండు నియోజకవర్గాల రాజకీయమంతా ఆ తెలియని దాని చుట్టూనే తిరుగుతుంది మరి.

పార్టీలు ఏం చేస్తాయంటే, బూత్‌కు ఇద్దరు ముగ్గురు మనుషులను పెట్టి ఓటర్ల జాబితాలో ప్రతి పేరు పక్కన కులం రాయిస్తాయి. పల్లెల్లో ఇది చాలావరకు సరిగ్గానే వస్తుంది. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. పట్టణంలో అద్దె ఇళ్లు, కొత్త కాలనీలు వచ్చేసరికి పేరు చూసి ఊహించడమే. ఆ ఊహ ఎలా బోల్తా కొడుతుందో ఈ ప్రాంతంలోనే చూడాలి.

పీర్ల పండుగ, దర్గా మొక్కులు రాయలసీమ పల్లెల్లో హిందువులకూ ఉన్నాయి. మొక్కుకుని పుట్టిన పిల్లలకు దస్తగిరి, మౌలాలి, హుసేని, ఖాసీం అని పేర్లు పెడతారు. ఎమ్మిగనూరు పక్కనే ఉన్న కోడుమూరు ఎస్సీ రిజర్వుడు సీటులో 2024లో తెలుగుదేశం తరఫున గెలిచిన ఎమ్మెల్యే పేరు బొగ్గుల దస్తగిరి. పేరు చూసి మతం చెప్పే సాఫ్ట్‌వేర్‌కు ఈ పేరు ఇస్తే ఏం చెబుతుంది? ఇక పేరు చివర గౌడ్ ఉంటే ఈడిగ అనుకోలేం. కన్నడ సంప్రదాయంలో ఊరి పెత్తనం చేసిన లింగాయత్ కుటుంబాలకూ ఆ మాట ఉంది. రెడ్డి, నాయుడు అన్నవి కూడా ఇక్కడ ఒక్క కులానికి పరిమితం కాదు. అంతెందుకు, ఆదోనికి తెలుగుదేశం నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కె. మీనాక్షి నాయుడు పేరు విని బయటి ఊరివాళ్లు మహిళ అనుకుంటారు!

ఫారం 20లో ఏముంది

ఎవరున్నారన్నది ఇంత మసకగా ఉంటే, ఎవరికి పడ్డాయన్నది మాత్రం అద్దంలా కనిపిస్తుంది. ఓట్ల లెక్కింపు అయ్యాక రిటర్నింగ్ అధికారి తయారు చేసే తుది ఫలితాల పత్రమే ఫారం 20. నియోజకవర్గంలో ప్రతి పోలింగ్ కేంద్రంలో ప్రతి అభ్యర్థికి, నోటాకు ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది. పోస్టల్ బ్యాలెట్లు మాత్రం ఏ బూత్‌కూ చేరవు, విడిగా ఒక మొత్తంగా రాస్తారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

2024 నాటికి ఒక పోలింగ్ కేంద్రానికి గరిష్ఠంగా 1,500 మంది ఓటర్లు అన్నది నిబంధన. 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1,200కు తగ్గించింది. అంటే ఒక బూత్ అంటే పట్టణంలో మూడు నాలుగు వీధులు, పల్లెలో అయితే ఊరిలో సగం. ఏ బూత్‌లో ఏ వీధులున్నాయో ఓటర్ల జాబితా మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. కిల్చిన్‌పేట, హవన్నపేట, కార్వాన్‌పేట, ఎస్‌కేడీ కాలనీ.. ఏ పేటకు ఏ బూత్‌లు వస్తాయో ఓపిక ఉంటే ఒక రోజులో పట్టిక వేసుకోవచ్చు. ఆ పట్టికకు ఫారం 20 అంకెలు జోడించి, పట్టణం పటం మీద రంగులు వేస్తే ఓట్ల పటం సిద్ధం.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. 2019లో 57వ నంబరు బూత్ 2024లోనూ అదే బూత్ అనుకోకూడదు. ఓటర్లు పెరిగితే కొత్త బూత్‌లు పెడతారు, నంబర్లు జరుగుతాయి, వీధులు ఒక బూత్ నుంచి ఇంకో బూత్‌కు మారతాయి. వీధుల పేర్లు పట్టుకుని కలపాలి తప్ప నంబరు పట్టుకుని కాదు. సోషల్ మీడియాలో ‘ఫలానా బూత్‌లో పార్టీ కుప్పకూలింది’ అని తిరిగే పోస్టుల్లో కొన్ని ఈ నంబరు పొరపాటుతోనే పుడతాయి.

వెయ్యి ఓట్ల బూత్‌.. ఒక చిన్న లెక్క

ఇప్పుడు రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టామనుకోండి. జనం పటం కింద, ఓట్ల పటం పైన. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

ఉదాహరణకు ఒక బూత్‌లో వెయ్యి ఓట్లు పడ్డాయి అనుకుందాం. అందులో 600 ఒక సామాజిక వర్గానివి, 400 మిగతావాళ్లవి. ఒక పార్టీకి సరిగ్గా 600 ఓట్లు వచ్చాయి. ‘చూశారా, ఆ వర్గం మొత్తం గుండుగుత్తగా వేసింది’ అనేస్తారు. నిజంగా అలా జరిగి ఉండొచ్చు. కానీ మిగతా 400 మందీ ఆ పార్టీకే వేసి, ఆ వర్గం నుంచి 200 మందే వేసినా మొత్తం 600 అవుతుంది. అంటే ఈ బూత్ చెప్పేదేంటంటే, ఆ వర్గం నుంచి పడిన ఓట్లు 200కు తక్కువ కాదు, 600కు ఎక్కువ కాదు. అంతే! అంతకు మించి ఒక్క ముక్క కూడా ఆ అంకెల్లో లేదు.

అదే వెయ్యిలో 950 ఒకే వర్గం ఉండి, పార్టీకి 900 వచ్చాయనుకోండి. అప్పుడు మిగతా 50 మందీ అటే వేసినా ఆ వర్గం నుంచి కనీసం 850 పడి తీరాలి. ఇక్కడ గట్టిగా మాట్లాడొచ్చు. ఒకే వర్గం ఉన్న పేటలు మాట చెబుతాయి, కలగలుపు పేటలు చెప్పవు. ఆదోని లాంటి పాత పట్టణంలో ఒకే వర్గం ఉన్న వీధులు ఉన్నాయి. కొత్త కాలనీలు అలా కాదు. పైగా పాత పేటలో ఉండే చేతివృత్తి కుటుంబం, కొత్త కాలనీకి మారిన ఉద్యోగి కుటుంబం ఒకే కులమైనా ఒకేలా ఓటేస్తాయని ఎవరు చెప్పగలరు?

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న తలనొప్పి కాదు. 1950లో డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక విచిత్రం చూపించారు. 1930 నాటి అమెరికా లెక్కల్లో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అక్షరాస్యత కూడా ఎక్కువగా ఉంది. దాన్ని చూసి వలస వచ్చినవాళ్లు బాగా చదువుకున్నారు అనుకుంటే తప్పే. మనిషి మనిషినీ విడిగా చూస్తే వాళ్లలోనే అక్షరాస్యత తక్కువ. వాళ్లు పని దొరికే, చదువు ఎక్కువ ఉన్న రాష్ట్రాలకు వెళ్లి స్థిరపడ్డారు, అదీ సంగతి. ప్రాంతం అంకె పట్టుకుని మనిషి గురించి చెప్పకూడదని అప్పటినుంచి గణాంక పాఠాల్లో ఇదే ఉదాహరణ.

అయినా అమెరికాలో న్యూయార్క్, షికాగో లాంటి మహానగరాల్లో ఈ పటాలు మన కంటే బాగా వేయగలుగుతారు. అక్కడ జనగణన శాఖ ఒక్కో వీధి బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమందో ప్రచురిస్తుంది. 1986లో థార్న్‌బర్గ్ వర్సెస్ గింగిల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నల్లజాతి ఓటర్లు కలిసికట్టుగా ఓటేస్తున్నారా, తెల్లవాళ్లు ఎదురుగా మూకుమ్మడిగా వేస్తున్నారా అన్నది చూసి నియోజకవర్గాల సరిహద్దుల సంగతి తేల్చింది. అంటే అక్కడ ఈ పటం కోర్టులో సాక్ష్యం. ఇక్కడ మన దగ్గర టికెట్ అడిగేవాళ్ల చేతిలో ఫైలు.

కులాలు మారలేదు.. ఫలితం మారింది

ఎమ్మిగనూరు ఫలితాలు చూడండి. 2014లో తెలుగుదేశం అభ్యర్థి బి.వి. జయనాగేశ్వర రెడ్డి గెలిచారు. 2019లో వైఎస్సార్‌సీపీ నుంచి కె. చెన్నకేశవ రెడ్డి ఆయన్ను 25 వేలకు పైగా ఓట్లతో ఓడించారు. 2024లో అదే జయనాగేశ్వర రెడ్డి 15 వేలకు పైగా ఆధిక్యంతో మళ్లీ గెలిచారు. ఐదేళ్లలో తేడా దాదాపు 40 వేలు తిరగబడింది. ఆదోనిలో 2019లో వైఎస్సార్‌సీపీ ఆధిక్యం 12 వేలకు పైగా. 2024లో 18 వేలకు పైగా లోటు. అక్కడ 30 వేలు తిరగబడింది.

(చిన్న మాట. తేడా 40 వేలు మారిందంటే 40 వేల మంది మనసు మార్చుకున్నారని కాదు. ఒక ఓటరు ఇటు నుంచి అటు వెళ్తే తేడా రెండు ఓట్లు మారుతుంది. కొత్త ఓటర్లు, ఈసారి వచ్చినవాళ్లు, రానివాళ్లు కూడా ఇందులో ఉంటారు.)

ఈ ఐదేళ్లలో ఎమ్మిగనూరులో బోయలు తగ్గారా? కురువలు పెరిగారా? నేతన్నలు ఊరు వదిలి వెళ్లారా? అంత మార్పు ఏమీ లేదు. జనం పటం దాదాపు అలాగే ఉంది. అలాగే ఉన్న పటం రెండుసార్లు రెండు విరుద్ధమైన ఫలితాలు ఇచ్చింది. కాబట్టి గెలుపోటముల తేడాను కులాల నిష్పత్తితో వివరించడం కుదరదు. 2024లో కూటమి రాష్ట్రంలో 175కు 164 సీట్లు గెలిచింది. పోటీ చేసిన పది అసెంబ్లీ సీట్లలో బీజేపీ ఎనిమిది గెలిచింది. ఆ గాలి ఆదోనిలో కూడా వీచింది.

అలాగని అంతా గాలే అని కొట్టిపారేయడానికీ లేదు. అదే కర్నూలు లోక్‌సభ పరిధిలో మంత్రాలయం, ఆలూరు వైఎస్సార్‌సీపీ వెంటే నిలిచాయి. రెండూ ఆదోనిని ఆనుకుని ఉన్నవే. ఇంకా ఆసక్తికరమైన సంగతి ఏంటంటే, మంత్రాలయంలో గెలిచిన వై. బాలనాగిరెడ్డి, ఆదోనిలో ఓడిన సాయిప్రసాద్ రెడ్డి, గుంతకల్లులో ఓడిన వై. వెంకట్రామిరెడ్డి అన్నదమ్ములు. 2019లో ముగ్గురూ గెలిచారు. 2024లో ఒకే కుటుంబం, ఒకే పార్టీ, పక్కపక్క సీట్లు. ఒకరు మాత్రమే మిగిలారు. కులం ఒక్కటే తేల్చే పనైతే ఇలా జరగదు.

ముస్లిం ఓట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీలో మజ్లిస్ 2009, 2014, 2018, 2023.. నాలుగు ఎన్నికల్లోనూ ఏడేసి సీట్లు గెలిచింది. అక్కడ జనం ఒకేచోట దగ్గరగా, సీటు సీటుకూ సరిపడా ఉన్నారు. ఆదోనిలో సంఖ్య పెద్దదే అయినా నియోజకవర్గం ఒక్కటే, అందులో పల్లెల ఓట్లు కలుస్తాయి. ముక్కోణపు పోటీ ఉంటే ఆ ఓట్లు సీటును తేల్చగలవు. 2024లో జరిగినట్టు పోటీ ఇద్దరి మధ్యే బిగుసుకుంటే, మిగతావాళ్లు ఎంత కలిశారన్నదే తేలుస్తుంది. ‘ముస్లింలు ఎక్కువ కాబట్టి బీజేపీ గెలవదు’ అన్న లెక్కలో మొదటి సగం నిజం, రెండో సగం ఊహ.

మరి కులం పనిచేసేది ఎక్కడ?

టికెట్ దగ్గర. ఓటు పడే రోజు కంటే మూడు నెలల ముందు.

కర్నూలు లోక్‌సభ చూడండి. ఒకప్పుడు కోట్ల కుటుంబం సీటు. 2014లో వైఎస్సార్‌సీపీ చేనేత వర్గానికి చెందిన బుట్టా రేణుకను నిలబెట్టి గెలిచింది. 2019లో మళ్లీ చేనేత వర్గం నుంచే డాక్టర్ సంజీవ్ కుమార్‌ను దించింది, ఆయన కోట్ల జయసూర్యప్రకాశ్ రెడ్డిని ఓడించారు. 2024లో పోటీ పూర్తిగా బీసీల మధ్యకు మారింది. తెలుగుదేశం కురువ వర్గానికి చెందిన బస్తిపాటి నాగరాజుకు, వైఎస్సార్‌సీపీ బోయ వర్గానికి చెందిన కర్నూలు మేయర్ బి.వై. రామయ్యకు టికెట్ ఇచ్చాయి. నాగరాజు లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. ఎంపీ సీటు బీసీలకు వచ్చినా, అసెంబ్లీ సీట్లు చాలావరకు పాత కుటుంబాల దగ్గరే ఉన్నాయన్నది గమనించాలి.

ఎమ్మిగనూరులో ఆ పాత పద్ధతికి బ్రేక్ వేయాలని వైఎస్సార్‌సీపీ 2024లో చూసింది. నాలుగుసార్లు గెలిచిన బి.వి. మోహన్ రెడ్డి కుటుంబం ఒకవైపు, చెన్నకేశవ రెడ్డి కుటుంబం ఇంకోవైపు.. దశాబ్దాలుగా రెడ్డి వర్సెస్ రెడ్డి పోటీ. ఆ పార్టీ మొదట చేనేత వర్గానికి చెందిన మాచాని వెంకటేశ్‌ను ఇన్‌చార్జిగా పెట్టింది. కొద్ది వారాలకే మార్చి బుట్టా రేణుకకు ఇచ్చింది. మనిషి మారినా వర్గం మారలేదు. కులం లెక్క ఎంత పక్కాగా వేశారో దీన్నిబట్టే తెలుస్తుంది. లెక్క పక్కాగానే ఉంది, గెలుపు మాత్రం రాలేదు.

ఆదోనిలో బీజేపీ కూడా ఇదే చేసింది. పార్థసారథి బోయ వర్గానికి చెందిన దంతవైద్యుడు, 2019లో కర్నూలు లోక్‌సభకు అదే పార్టీ తరఫున పోటీ చేసి ఓడినవారు. కమలం గుర్తు అంటే దూరంగా ఉండే పల్లెల్లో అభ్యర్థి సామాజిక వర్గం ఒక తలుపు తెరిచి ఉండొచ్చు. ఎంత తెరిచింది అన్నది మాత్రం పైన చెప్పిన వెయ్యి ఓట్ల లెక్కలాగే, ఒక హద్దు వరకే తెలుస్తుంది.

బోయల విషయంలో ఓటుకు వెనక ఒక నిజమైన డిమాండ్ ఉంది. ఆదోని నుంచి సిరుగుప్ప బస్సెక్కితే కర్ణాటక వస్తుంది. అక్కడ వాల్మీకి నాయకులు 1991 నుంచి ఎస్టీలు. సిరుగుప్ప అసెంబ్లీ సీటు ఎస్టీ రిజర్వుడు. బళ్లారి, రాయచూరు లోక్‌సభ సీట్లు కూడా అంతే. సరిహద్దుకు ఇటువైపు అదే జనం, అవే చుట్టరికాలు. కానీ ఇక్కడ వాళ్లు బీసీ-ఏ. రాష్ట్ర అసెంబ్లీ 2017 డిసెంబరులో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి వాల్మీకి బోయలను ఎస్టీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. ఒకటి తెలుగుదేశం ప్రభుత్వంలో, ఇంకోటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వంలో. నిర్ణయం పార్లమెంటు చేతిలో ఉంది. మేనమామ కొడుక్కి బళ్లారిలో ఎస్టీ సర్టిఫికెట్ మీద సీటు వస్తే, ఇక్కడి కుర్రాడు బీసీ-ఏ కోటాలో పోటీ పడాలి. ‘బోయలు ఎటు’ అని అడిగేవాళ్లు ఆ ప్రశ్న కూడా అడిగితే బాగుంటుంది.

ఓటరు ఊళ్లో ఉన్నాడా?

పటం గీసేటప్పుడు ఎవరూ లెక్కలో పెట్టని మనుషులు ఇంకొందరున్నారు. సుగ్గికి వెళ్లినవాళ్లు. వానలు మొహం చాటేస్తే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణకు, కట్టడం పనులకు బెంగళూరుకు వెళ్తాయి. జాబితాలో పేరు ఉంటుంది, ఇంటికి తాళం ఉంటుంది. పోలింగ్ రోజుకు వాళ్లను రప్పించడానికి బస్సులు పెట్టేది పార్టీలే. ఎక్కువగా వెళ్లేది ఎస్సీలు, బోయలు, చిన్న కమతాల వాళ్లు. కాబట్టి జనం పటంలో ఒక వర్గం 30 శాతం ఉన్నా, ఓటేసినవాళ్లలో 25 శాతమే ఉండొచ్చు. ఫారం 20 ఎన్ని ఓట్లు పడ్డాయో చెబుతుంది, రానివాళ్లు ఎవరో చెప్పదు.

వీధి రహస్యం

ఒక్కడి ఓటు రహస్యం. మరి ఒక వీధి ఓటు? ఫలితాల మర్నాడే ‘మీ పేటలో మాకు 90 ఓట్లే వచ్చాయి’ అని చెప్పగలిగే పరిస్థితి ఉంటే, సీసీ రోడ్డు, కొళాయి, ఇంటి స్థలం అడగడానికి వెళ్లినవాళ్లకు ఏం జవాబు వస్తుందో ఊహించుకోవచ్చు. కాగితం బ్యాలెట్ల రోజుల్లో పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎంలు వచ్చాక ప్రతి యంత్రాన్నీ విడిగా చదువుతున్నారు. 14 యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపించే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో బలపరిచింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ వారీ అంకెలు ఉంటే పార్టీలు ఎక్కడ పనిచేయాలో తెలుసుకుంటాయన్నది ఒక వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆదోని లాంటి ఊళ్లో పేట పేరులోనే కులం ఉన్నప్పుడు, బూత్ అంకె బయటపెట్టడమంటే ఆ కులం మీద వేలు పెట్టి చూపించడమే.

ఇప్పటిదాకా ఈ పటంలో సగమే స్పష్టంగా ఉంది. మిగతా సగం కూడా నిండే రోజు దగ్గర్లోనే ఉంది. వచ్చే జనగణనలో కులం కూడా లెక్కపెడతామని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ కులాల వివరాలు ఏ స్థాయి వరకు ప్రచురిస్తారన్నది పెద్ద ప్రశ్న. జిల్లా వరకు ఇస్తే బోయ, కురువ, చేనేత వాదనలకు మొదటిసారి గట్టి ఆధారం దొరుకుతుంది. వార్డు వరకు ఇస్తే మాత్రం ఫారం 20 పక్కన పెట్టి, ఏ వీధి ఎవరికి వేసిందో లెక్కగట్టడం ఏ పార్టీ ఆఫీసులోనైనా పూటలో అయిపోయే పని.